మైనస్ 48 వోల్టులు: సెల్ టవర్ కరెంటు చరిత్ర

సెల్ టవర్ మీది రేడియో పరికరాలు చాలావరకు ఇళ్లకు వచ్చే 230 వోల్టుల కరెంటుతో నేరుగా నడవవు. వాటికి 48 వోల్టుల డీసీ కావాలి. అందులోనూ ధన ధ్రువాన్ని భూమికి కలిపి, రుణ ధ్రువం వైపు నుంచి సరఫరా ఇస్తారు. అందుకే టెలికాం సిబ్బంది దీన్ని ‘మైనస్ 48’ అంటారు. సెల్‌ఫోన్ పుట్టడానికి ఎన్నో దశాబ్దాల ముందే టెలిఫోన్ ఎక్స్ఛేంజీల్లో స్థిరపడిన ఏర్పాటు ఇది. బ్యాటరీలు మారాయి, వాటిని చార్జి చేసే యంత్రాలు మారాయి, ఈ అంకె మాత్రం మారలేదు.

తొలినాళ్లలో ఏ ఫోన్ బ్యాటరీ ఆ ఫోన్ దగ్గరే ఉండేది. ఫ్రాన్స్‌కు చెందిన జార్జ్ లెక్లాంషే 1866లో రూపొందించిన సెల్ ఆ పనికి బాగా ఉపయోగపడింది. కానీ వందలాది ఇళ్లకు తిరిగి సెల్స్ మార్చడం పెద్ద శ్రమ. 1890లలో అమెరికాలో బ్యాటరీని ఎక్స్ఛేంజీకి తరలించి, మాట మోసే తీగ మీదే అందరికీ కరెంటు పంపే పద్ధతి మొదలైంది. గాస్టన్ ప్లాంటే 1859లో కనిపెట్టిన సీసం–ఆమ్లం బ్యాటరీ ఇందుకు సరిపోయింది. దాని ఒక్కో సెల్ 2 వోల్టులు ఇస్తుంది; 24 సెల్స్ వరుసగా కలిపితే 48. ఊరి చివరి ఫోన్ దాకా కరెంటు చేరడానికి ఆ వోల్టేజీ చాలు, తీగ ముట్టుకున్న లైన్‌మన్‌కు పెద్ద ప్రమాదమూ ఉండదు. ధన ధ్రువాన్ని భూమికి కలపడానికీ కారణం ఉంది. తడి నేలలోని రాగి తీగ భూమికన్నా ధనాత్మకంగా ఉంటే, లీకయ్యే కరెంటుతో పాటు రాగి కూడా కరిగి పోతుంది. రుణాత్మకంగా ఉంటే ఆ నష్టం తగ్గుతుంది.

మన దేశంలో 1882లో కలకత్తా, బొంబాయి, మద్రాసు నగరాలకు ఎక్స్ఛేంజీలు వచ్చాయి. తర్వాతి కాలపు పెద్ద ఎక్స్ఛేంజీల్లో బ్యాటరీ గది ప్రత్యేకంగా ఉండేది. చార్జింగ్‌లో హైడ్రోజన్ వెలువడుతుంది కాబట్టి అక్కడ నిప్పు నిషిద్ధం, గాలి ఆడేలా ఫ్యాన్లు తప్పనిసరి. సిబ్బంది హైడ్రోమీటర్ ముంచి యాసిడ్ సాంద్రత చూసేవారు, రిజిస్టర్‌లో రాసేవారు, మట్టం తగ్గిన సెల్‌లో డిస్టిల్డ్ వాటర్ పోసేవారు. ఈ శ్రద్ధ అందినంత కాలం ఆ బ్యాటరీలు ఏళ్ల తరబడి పనిచేసేవి.

1995 జూలై 31న కలకత్తా నుంచి అప్పటి పశ్చిమ బెంగాల్ ముఖ్యమంత్రి జ్యోతిబసు, కేంద్ర మంత్రి సుఖ్‌రామ్‌తో మాట్లాడటంతో దేశంలో మొబైల్ సేవలు మొదలయ్యాయి. టవర్లు ఊరి బయట, పొలాల మధ్య, మేడల మీద లేచాయి. అక్కడ రోజూ నీళ్లు పోసే మనిషి లేడు. అందుకే యాసిడ్‌ను గాజు నూలు పొరల్లో పీల్చి ఉంచి, వాయువులను లోపలే తిరిగి నీరుగా మార్చే సీల్డ్ బ్యాటరీ, అంటే వీఆర్‌ఎల్‌ఏ, టవర్‌కు తగినదైంది. ఈ రంగంలో తిరుపతి దగ్గరి కరకంబాడిలోని అమరరాజా, హైదరాబాద్‌లోని హెచ్‌బీఎల్ దేశంలో ప్రధాన తయారీదారులుగా ఎదిగాయి. చార్జర్ల వైపు, మెయిన్స్ కరెంటును డీసీగా మార్చే బరువైన పాత రెక్టిఫయర్ల స్థానంలో చిన్న మాడ్యూళ్లతో కూడిన ఎస్‌ఎంపీఎస్ పవర్ ప్లాంట్లు వచ్చాయి. ఒక మాడ్యూల్ పాడైతే లాగేసి, టవర్ ఆగకుండానే మరొకటి పెట్టవచ్చు.

ఎంత బ్యాటరీ పెట్టాలన్న లెక్క తీరు ఇలా ఉంటుంది. పరికరాల లోడు 2 కిలోవాట్లు అనుకుంటే, 48 వోల్టుల దగ్గర సుమారు 42 ఆంపియర్లు. కరెంటు పోయాక 6 గంటలు నడవాలంటే 250 ఆంపియర్–అవర్లు. బ్యాటరీని పూర్తిగా ఖాళీ చేయకూడదు, 80 శాతమే వాడుకోవాలి, కాబట్టి 312. వయసు మీరి సామర్థ్యం 80 శాతానికి పడిపోయినా ఆ 6 గంటలు రావాలంటే 390. అంటే 400 ఆంపియర్–అవర్ల బ్యాంకు. రెక్టిఫయర్ ఒకవైపు 42 ఆంపియర్ల లోడు మోస్తూనే, మరోవైపు సామర్థ్యంలో పదో వంతు, అంటే 40 ఆంపియర్లతో బ్యాటరీని నింపాలి. మొత్తం 82. 50 ఆంపియర్ల మాడ్యూళ్లు రెండు చాలు. ఒకటి చెడినా ఇబ్బంది రాకుండా మూడోది కలుపుతారు.

పల్లెల్లో ఈ లెక్క తలకిందులైంది. వీఆర్‌ఎల్‌ఏను ఎప్పుడో ఒకసారి కరెంటు పోయే చోటును దృష్టిలో పెట్టుకుని చేశారు. ఇక్కడ కరెంటు కోతలతో అది రోజూ ఖాళీ అయ్యేది. పూర్తిగా నిండటానికి పది గంటలకు పైగా పడుతుంది. కరెంటు మూడు నాలుగు గంటలు వచ్చి మళ్లీ పోతే సగం నిండిన బ్యాటరీ మీదే మళ్లీ భారం పడుతుంది. అలా ప్లేట్ల మీద సల్ఫేట్ పేరుకుని గట్టిపడుతుంది. దానికి ఎండ తోడు. 25 డిగ్రీలకు తగ్గట్టు చేసిన బ్యాటరీ ఆయుష్షు, ఉష్ణోగ్రత 10 డిగ్రీలు పెరిగితే దాదాపు సగమవుతుంది. షెల్టర్లో ఏసీ పెట్టినా, కరెంటు పోగానే అదీ ఆగేది.

ఆ లోటును డీజిల్ జనరేటర్ తీర్చింది. 2011లో టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ వేసిన లెక్క ప్రకారం దేశంలోని సుమారు 3.1 లక్షల టవర్లు ఏడాదికి 200 కోట్ల లీటర్ల డీజిల్ తాగేవి. 2012 జనవరిలో టెలికాం శాఖ, 2015 నాటికి గ్రామీణ టవర్లలో 50 శాతం, పట్టణ టవర్లలో 20 శాతం పునరుత్పాదక ఇంధనం కలిసిన హైబ్రిడ్ విద్యుత్తుతో నడవాలని ఆదేశించింది. కానీ సౌరశక్తికి జాగా చిక్కు వచ్చింది. 2 కిలోవాట్ల లోడు రోజంతా నడిస్తే 48 యూనిట్లు. ఒక కిలోవాట్ ప్యానెల్ రోజుకు 4 యూనిట్లు ఇస్తుందనుకుంటే 12 కిలోవాట్ల ప్యానెళ్లు కావాలి. అప్పటి ప్యానెళ్లకు అది వంద చదరపు మీటర్లకు పైగా స్థలం. చాలా టవర్ల ఆవరణే అంత ఉండదు.

మార్పు మరో రెండు దారుల్లో వచ్చింది. ఏసీ గది అక్కర్లేని అవుట్‌డోర్ పరికరాలు రావడంతో లోడు తగ్గింది. 1990లలో అమెరికాలో జాన్ గుడినఫ్ బృందం వెలికితీసిన లిథియం ఐరన్ ఫాస్ఫేట్ ఆధారంగా తయారైన బ్యాటరీలు టవర్లకు చేరాయి. వాటి సెల్ 3.2 వోల్టులు, 15 లేదా 16 కలిపితే పాత 48 వోల్టుల ఏర్పాటులోనే ఇమిడిపోతాయి. రెండు మూడు గంటల్లో నిండుతాయి, సగం చార్జిలో వదిలేసినా సీసం బ్యాటరీలా దెబ్బతినవు. విడతలవారీగా కరెంటు వచ్చే ప్రాంతానికి ఈ గుణమే కీలకం. అయితే వేగంగా నింపాలంటే రెక్టిఫయర్ మాడ్యూళ్లూ పెంచాలి. ధర ఎక్కువ కాబట్టి కోతలు అరుదైన నగరాల్లో వీఆర్‌ఎల్‌ఏ లాభసాటిగా నిలిచింది.

ఏ బ్యాటరీకైనా ఒక హద్దు ఉందని 2014 అక్టోబర్ 12న విశాఖపట్నాన్ని తాకిన హుద్‌హుద్ తుపాను చూపింది. విద్యుత్ స్తంభాలు కూలి కొన్నిచోట్ల రోజుల తరబడి కరెంటు రాలేదు. గంటల లెక్కన పెట్టిన బ్యాటరీలు అడుగంటాయి, చెట్లు పడిన దారుల్లో డీజిల్ చేరవేయడం కష్టమైంది, సాయం కోసం ఫోన్ అత్యవసరమైన వేళ సిగ్నల్ పోయింది. కాబట్టి తీరప్రాంతపు టవర్‌కు మామూలు కోతల లెక్క ఒక్కటే చాలదు. కరెంటు ఎంతసేపు పోతుంది, వచ్చాక ఎంతసేపు ఉంటుంది, ఎండ ఎంత, విపత్తులో డీజిల్ ఎక్కడి నుంచి వస్తుంది అన్న నాలుగు సంగతులూ తేలాకే ఆ చోటికి తగిన బ్యాటరీ ఏదో తేలుతుంది.