శ్రాద్ధాధికారము - పుణ్యదాన శాసనములు

పితృదేవతల నుద్దేశించి శ్రద్ధతో చేయు కర్మ శ్రాద్ధము. దీనినిగూర్చి ధర్మశాస్త్రజ్ఞులు విపులముగ వ్రాసిరి. పితరుల పుణ్యముకొఱకు చేసిన దానములను తెలుపు శాసనములును దేశమున అనేకములు కలవు. వీనిని చరిత్రకారులు పరిశీలించిరి. కాని యీ రెండు పరిశీలనములును వేర్వేఱు మార్గముల నడచినవి. శాసనమును చదువువారు రాజు పేరును, శకసంవత్సరమును, భూమి కొలతను గ్రహించి, ‘పుణ్యముగా’ అను మాటను లాంఛనప్రాయమని విడిచిపుచ్చుట పరిపాటి. ఆ మాటయందే యొక సాంఘిక చరిత్ర యిమిడియున్నదని చూపుట యీ వ్యాసమున కుద్దేశము. మృతులను స్మరించు అధికారము ఎవరిది? ఈ ప్రశ్నకు శాస్త్రము చెప్పిన సమాధాన మొకటి. ప్రజలు శిలలమీద వ్రాయించిన సమాధానము మఱొకటి.

ముందుగ శాస్త్రవిధిని స్థూలముగ చూతము. తర్పణమునందు యజ్ఞోపవీతమును కుడిభుజముమీదికి మార్చి, ప్రాచీనావీతియై, దక్షిణాభిముఖముగ కూర్చుండి, బొటనవ్రేలికిని చూపుడువ్రేలికిని నడుమ నున్న పితృతీర్థమునుండి తిలోదకములను విడువవలెను. పిండప్రదానమున తండ్రి, తాత, ముత్తాత అను మూడు తరములవారికే పిండము లుండును. వీరు క్రమముగ వసు, రుద్ర, ఆదిత్య రూపులుగ భావింపబడుదురు. గృహస్థుడు మరణించినపుడు సపిండీకరణమున అతని పిండమును మూడు భాగములుచేసి, అతని పితృపితామహప్రపితామహుల పిండములతో కలుపుదురు. నాటితో నూతన మృతుడు పితృవర్గమున చేరును. అందఱికంటె పైవాడు పిండభాగమును కోల్పోయి, కర్త చేతికంటిన అన్నలేపమునకు మాత్రము అర్హుడగును. అతనిని లేపభాక్కు అందురు. ఈ విధముగ ప్రతి తరముతోను పితృపంక్తి యొక్కమెట్టు జరుగుచుండును. స్మరణమునకు శాస్త్ర మేర్పఱచిన యెల్ల యిది.

ఈ కర్మకు ముఖ్యాధికారి పుత్రుడు. పుత్రుడు లేనిచో పితరుల కధోగతి తప్పదను భయము ప్రాచీనవాఙ్మయమున నంతట కలదు. మహాభారతాదిపర్వమునందలి జరత్కారూపాఖ్యానము దీనికి ప్రసిద్ధమైన నిదర్శనము. వివాహము వలదని తపస్సుచేయుచున్న జరత్కారువునకు, వంశము తెగిపోనున్నందున గోతిలో తలక్రిందులుగ వ్రేలాడుచున్న తన పితరులు కనబడిరి. ఆంధ్రభారతమున నన్నయ యీ కథను తెనిగించుటచే నిది తెలుగువారికి చిరపరిచితము. పితరులు జీవించియున్నవారిపై నాధారపడుదురను భావము ఇందు స్పష్టము.

శాస్త్రము పూర్తిగ సంకుచితమైనదని చెప్పుట న్యాయము కాదు. పార్వణమున మాతామహవర్గమునకును స్థానము కలదు. భాద్రపద బహుళపక్షమున, అనగా మహాలయపక్షమున, కారుణ్యపితరులను పేర గురువునకును మిత్రునకును సైతము తిలోదకము లభించును. అయినను ఉద్దేశింపబడువారి సంఖ్య పెరిగినంతగా, కర్మచేయు నధికారము విస్తరింపలేదు. కుమార్తె పుట్టింటి పితరులకు ఏమి చేయగలదు? తల్లి చనిపోయిన కుమారునకు ఏమి చేయగలదు? భృత్యుడు తన ప్రభువునకు ఏమి చేయగలడు? ఈ మూడు ప్రశ్నలకును సమాధానము దానశాసనములందు దొరకుచున్నది.

వీనిలో తల్లికి సంబంధించినదానికి ప్రాచీననిదర్శనము ఆంధ్రదేశమునకు వెలుపల, శాతవాహన సామ్రాజ్యమునకు పశ్చిమభాగమున కలదు. పులుమావి పందొమ్మిదవ రాజ్యసంవత్సరమున గౌతమీ బలశ్రీ నాసిక్‌లో నొక గుహావిహారమును బౌద్ధభిక్షువుల కొసగెను. ఆ దానశాసనమునందే దివంగతుడైన తన కుమారుడు గౌతమీపుత్ర శాతకర్ణి విజయములను ఆమె వర్ణింపజేసినది. మనుమడు పులుమావి ఆ విహారమునకు గ్రామమునొసగి, దాని పుణ్యము తన తండ్రికి చెందునట్లు చేసెను. గౌతమీపుత్రుని విజయములకు నేడు మన కున్న ప్రధానాధారము ఈ శాసనమే. అది రాజాస్థానమున వెలసిన ప్రశస్తి కాదు. పుత్రుని కోల్పోయిన తల్లి చేసిన దానమునకు పీఠిక. తల్లి కొడుకునకు పిండము పెట్టుట లోకమున విపరీతక్రమము. దానమునం దట్టి విపరీతక్రమ మడ్డురాలేదు.

ఈ దానము బౌద్ధసంఘమునకు జరిగినదను విషయమును మఱవరాదు. తాను చేసిన పుణ్యమును ఇతరులకు చెందజేయుట బౌద్ధమున ‘పరిణామము’ అనబడును. పుణ్యమునకు గోత్రముతో గాని ఉపనయనముతో గాని పనిలేదు. దాత యెవరైనను కావచ్చును, గ్రహీత యెవరైనను కావచ్చును. శాతవాహనుల యనంతరము కృష్ణాతీరమున నేలిన ఇక్ష్వాకులకాలమున, క్రీస్తుశకము మూడవ శతాబ్దిలో, నాగార్జునకొండయందు ఈ భావము మిక్కిలి వికసించినది. వీరపురుషదత్తుని ఆఱవ రాజ్యసంవత్సరమున అతని మేనత్త చాంతిసిరి మహాచైత్యమునకు స్తంభముల నెత్తించినది. ఆ పుణ్యము తన ఉభయకులములందును గతించినవారికి, ఉన్నవారికి, రానున్నవారికి చెందవలెనని ఆమె సంకల్పము. ఉభయకులము లనగా పుట్టినిల్లు, మెట్టినిల్లు. శ్రాద్ధమునకు మూడు తరముల యెల్ల కలదు; ఈ సంకల్పమునకు కాలమే యెల్ల.

అదే రాజు పదునాల్గవ సంవత్సరమున బోధిసిరి యను ఉపాసిక చైత్యగృహమును కట్టించినది. ఆమె రాజకుటుంబమునకు చెందినది కాదు. ఆమె శాసనమున భర్త బుధింనకుడు, మామ రేవతుడు, అత్త, మఱదులు మొదలుకొని మెట్టినింటివారును, తన తండ్రి బుధివాణియుడు మొదలుకొని పుట్టినింటివారును పేరుపేరున పేర్కొనబడిరి. ఇందు కొందఱు నాటికి గతించినవారో కాదో చెప్పుటకు వీలులేకున్నను, ఒక గృహిణి తన రెండు కుటుంబముల నేక వాక్యమున నిలిపి, వారందఱికిని పుణ్యమును పంచియిచ్చుట గమనింపదగినది. వివాహముతో గోత్రము మాఱిన స్త్రీ పుట్టింటి పితరులను విడువలేదనుటకు ఇంతకంటె స్పష్టమైన సాక్ష్య మక్కఱలేదు.

బౌద్ధము క్షీణించిన పిమ్మట ఈ సంప్రదాయము అంతరింపలేదు, దేవాలయముల నాశ్రయించినది. మధ్యయుగ శాసనములందు తల్లికి, తండ్రికి, అన్నకు, భర్తకు, ప్రభువునకు ‘పుణ్యముగాను’ దీపములు, భూములు, చెఱువులు ఒసగబడినవి. అఖండదీపదానము వీనిలో సామాన్యము. దాత కొన్ని పశువుల నాలయమున కిచ్చును. వానిని ఒక కాపరి, అనేక పర్యాయములు బోయ, స్వీకరించి, నిత్యము మానెడు నేయి దేవుని దీపమునకు పోయవలెను. ఆ బాధ్యత అతని సంతతికిని సంక్రమించును. దీనిని శ్రాద్ధముతో పోల్చిచూచిన భేదము తెలియగలదు. సంవత్సరమున కొక తిథినాడు పుత్రుడు చేయు స్మరణమునకు బదులు, ప్రతిదినము పరాయివాడు చేయు స్మరణ మేర్పడినది. వంశము తెగినను మంద తెగనంతకాలము దీపము వెలుగును.

ఇక భృత్యుని మాట. నల్లగొండ జిల్లా చందుపట్ల శాసనము క్రీ.శ. 1289 నవంబరు నాటిది. పువ్వుల ముమ్మడి యను సేవకుడు, శివలోకమున కేగిన కాకతి రుద్రమదేవికిని, మల్లికార్జుననాయకునకును పుణ్యముగా సోమనాథదేవునకు భూమి నొసగినట్లు ఇందు కలదు. ఈ శాసనము వెలుగులోనికి రాకపూర్వము రుద్రమదేవి 1295 ప్రాంతము వఱకు పాలించినదని చరిత్రకారులు తలచియుండిరి. ఆమె 1289 నవంబరునకే మరణించినదని దీనివలన తెలిసినది. రాణితోపాటు మల్లికార్జుననాయకుని పేరును చేరుటచే ఇరువురును యుద్ధమున కూలియుందురని పరిశోధకు లూహించిరి. ఊహ యెట్లున్నను, కాకతీయసామ్రాజ్య మేలిన రాణి మరణకాలమును నిర్ణయించుటకు మన కాధారమైనది రాజకుటుంబము వేయించిన శాసనము కాదు. ఆమెకు గోత్రసంబంధము లేని, పిండమునకు అధికారము లేని యొక సేవకుని కృతజ్ఞత.

ఇట్టి దానములు అధికారము లేనివారికి మాత్రమే మార్గములని తలపరాదు. అధికారము గల పుత్రులును దీని నవలంబించిరి. క్రీ.శ. 1516లో శ్రీకృష్ణదేవరాయలు సింహాచలమున కేతెంచి, తన తల్లి నాగలాదేవికిని తండ్రి నరసానాయకునకును పుణ్యముగా స్వామికి 991 ముత్యముల కంఠమాల మున్నగు నాభరణములను సమర్పించెను. కళింగదండయాత్ర నడుమ, కొత్తగ గెలిచిన సీమలోని దేవాలయమున, తల్లిదండ్రుల పేర్లను తెలుగున శిలపై వ్రాయించుట భక్తియు నగును, రాజకీయమును నగును. తుళువవంశము సింహాసనమున కెక్కి పదిసంవత్సరములు దాటి యెంతో కాలము కాలేదు. రాజునకు జనకుని పేరు స్మరించుట వంశప్రతిష్ఠకును సాధనము. పుణ్యవాక్యమును చదువునపుడు ఈ రెండవ ప్రయోజనమును విస్మరింపరాదు.

శాసనములను వేయింపలేని సామాన్యుల సంగతి యేమి? ఇందుకు నేటి ఆచారము కొంత వెలుగు నిచ్చును. మంత్రాధికారము లేనివారు పక్వాన్నమునకు బదులు బియ్యము మున్నగు ఆమద్రవ్యములతో శ్రాద్ధము చేయవచ్చునని ధర్మశాస్త్రములే చెప్పినవి. దీనికి ఆమశ్రాద్ధమని పేరు. తెలంగాణమున మహాలయామావాస్యను పెత్తరమాస యందురు. నాడు పెద్దల పేర బియ్యము, పప్పు, కూరగాయలు ఇచ్చుటను ‘బియ్యమిచ్చుట’ అని వ్యవహరింతురు. ఆమశ్రాద్ధమునకు ఇది లోకరూపమని తోచుచున్నది. ఆనాటి సాయంకాలమే ఎంగిలిపువ్వుల బతుకమ్మతో స్త్రీల పండుగ ప్రారంభమగుట విశేషము. కోస్తా మండలములందు సంక్రాంతి పెద్దల పండుగ. క్రొత్తబట్టలను పెద్దలకు పెట్టి, ఆ పిమ్మట ఇంటివారు ధరింతురు. ఇందు మంత్రము లేదు, శిల లేదు. కాని పేరు చెప్పి పెట్టుట కలదు.

పై నిదర్శనములవలన తేలిన యంశము లివి. శ్రాద్ధవిధి స్మరణమును మూడు తరములకును, ముఖ్యముగ పుత్రునకును పరిమితము చేసినది. దానము ఆ పరిమితిని నిరాకరింపక, దాని ప్రక్కనే వేఱొక ద్వారమును తెఱచినది. ఆ ద్వారమున తల్లులు, కూతుండ్రు, కోడండ్రు, భృత్యులు ప్రవేశించిరి. శాస్త్రమునకును ఆచారమునకును ఇచట వైరము కంటె పూరకత్వమే కానవచ్చుచున్నది.

కావున శాసనసంపుటములను పరిశీలించు విద్యార్థులు ‘పుణ్యముగా’ అను వాక్యమును లాంఛనమని దాటివేయక, మూడు విషయములను ప్రత్యేకముగ గుర్తించుట యవసరము: పుణ్య మెవరికి, ఇచ్చినవా రెవరు, వారిరువురకును గల సంబంధ మేమి. ఆ వాక్యపు మాటలు రూఢములే. అందలి పేర్లు మాత్రము రూఢములు కావు. బోధిసిరి మామ రేవతుని పేరు మఱి యే గ్రంథమునను లేదు. పువ్వుల ముమ్మడి యెవరో మఱి యే శాసనము చెప్పలేదు. పిండక్రమమున వీరందఱును లేపభాక్కుల పంక్తినికూడ దాటి యేనాడో మఱుగుపడవలసినవారు. వారి పేర్లను మన మీనాడు పలుకగలుగుచున్నామన్న, అది యొక దీపమునకో, చేనికో, రాతికంబమునకో ముడివడిన యా చిన్న వాక్యము చలువయే.