రజస్వలా శబ్దము

పాణిని పంచమాధ్యాయమున రజశ్శబ్దమునకును గృషిశబ్దమునకును నొక్క సూత్రముననే వలచ్‌ ప్రత్యయమును విధించెను. రజస్వలయుఁ గృషీవలుఁడును సోదరశబ్దములు. రెండవదాని దీర్ఘము వేఱొక సూత్రమువలనఁ గలిగినది. గుంటూరు మండలపు నల్లరేగడిలోఁ బ్రత్తి పండించినవాఁడు కృషీవలుఁడు. ఆ ప్రత్తితో నేసిన పాతచీరను జింపి కట్టుకొని, యుతికి, చాటున నెండఁబెట్టుకొనినది రజస్వల.

తెలుఁగువా రామె స్థితిని ముట్టనియు, బహిష్టనియు వ్యవహరించిరి. మొదటిది తాఁకుడును, రెండవది వెలుపల నుండుటను దెలుపును. ఆ వస్త్రమునకును ముట్టుగుడ్డ యనియే పేరు.

జపానునం దొకప్పుడు దూదియు రబ్బరుకచ్చయు వాడుకలో నుండెను. 1961లో సకాయి యసుకో యను యువతి సంస్థ నొకదానిని నెలకొల్పి, వాడి పాఱవేయఁదగిన మెత్తకు ‘అన్నే’ యని పేరిడెను. అన్నే ఫ్రాంకు దినచర్యనుండి గ్రహించిన యా పేరు కొలఁదికాలముననే యచటి స్త్రీలకు ఋతుపర్యాయ మయ్యెను. అంగడిసరకు సిగ్గును బాపె ననుట యతిశయోక్తి. పలుకుటకు వెలివాసన లేని మాట నొకదాని నిచ్చినది. గుంటూరుసీమలో ‘బయట నున్నాను’ అనెడివా రిప్పటికిని గలరు.