చీటీ తగిలితే దక్కిన సైనిక పిస్తోలు

ఫిలిప్పీన్స్‌లో మోరో యోధులతో జరిగిన పోరాటాల్లో .38 కాలిబర్ రివాల్వర్లు ఎదుటివారిని నిలువరించలేకపోవడంతో, అమెరికా సైన్యం అంతకంటే పెద్ద తూటా కోసం వెతికి, జాన్ బ్రౌనింగ్ రూపొందించిన .45 కాలిబర్ పిస్తోలును 1911 మార్చిలో స్వీకరించింది. కాలిబర్ అంటే గొట్టం లోపలి వ్యాసం, ఇక్కడ అంగుళాల్లో. 1985లో బెరెట్టా పిస్తోలు వచ్చేదాకా అదే సైన్యపు ప్రధాన పిస్తోలు. రెండో ప్రపంచ యుద్ధకాలంలో దానిని కోల్ట్ సంస్థతో పాటు టైపు మిషన్లు చేసే రెమింగ్టన్ ర్యాండ్, రైల్వే సిగ్నళ్ళు చేసే యూనియన్ స్విచ్ అండ్ సిగ్నల్ కూడా తయారుచేశాయి. తెలుగు ఇళ్ళకు కుట్టుమిషనుగా పరిచయమైన సింగర్ 500 పిస్తోళ్ళు చేసి ఆపేసింది.

వాడుక తప్పిన పిస్తోళ్ళు అలబామాలోని అనిస్టన్ సైనిక డిపోలో దశాబ్దాలు నిలిచిపోయాయి. పౌరులకు గురి నేర్పేందుకు 1903లో మొదలైన ప్రభుత్వ ప్రయత్నానికి వారసురాలై, 1996 చట్టంతో సైన్యం నుంచి విడివడి లాభాపేక్ష లేని సంస్థగా మారిన సివిలియన్ మార్క్స్‌మన్‌షిప్ ప్రోగ్రామ్ అప్పటికే పాత గారండ్ రైఫిళ్ళను అమ్ముతున్నా, ఈ పిస్తోళ్ళను ఏటా 10,000 వరకు దానికి అప్పగించే వీలు 2015 చట్టంతోనే కలిగింది.

ఈ పిస్తోళ్ళ కోసం 2018 సెప్టెంబరు 4 నుంచి అక్టోబరు 4 దాకా దరఖాస్తులను తపాలాలో మాత్రమే, ఒక్కొక్కరి నుంచి ఒక్కటి చొప్పున స్వీకరించి, ముందు పంపినవారికి ప్రాధాన్యం లేకుండా ప్రతి దరఖాస్తుకూ యాదృచ్ఛికంగా ఒక సంఖ్య కేటాయించారు. వచ్చినవి సుమారు 19,000. సంఖ్యల వరుసలో పిలుపు అందుకున్నవారు అప్పటికి మిగిలిన శ్రేణుల్లోంచే ఎంచుకోవాలి: మెరుగైన సర్వీస్ శ్రేణి 1,050 డాలర్లు, అరుగుదల ఎక్కువున్న ఫీల్డ్ 950, తుప్పు తిన్న రాక్ 850. అరుదైన వాటిని విడిగా వేలానికి ఉంచారు కనుక డబ్బు బలం పూర్తిగా తొలగలేదు గాని, మిగతావాటి విషయంలో ధనికుడికీ సామాన్యుడికీ పద్ధతి ఒక్కటే కావడం ప్రజాధనంతో కొన్న వస్తువుకు తగిన న్యాయం. రైఫిలు నేరుగా ఇంటికి చేరేది. పిస్తోలు మాత్రం లైసెన్సున్న వ్యాపారి వద్దకే వెళ్ళేది, కొనుగోలుదారు నేరచరిత్రను సంస్థ ఒకసారీ వ్యాపారి మరొకసారీ తనిఖీ చేయించేవారు.

అచ్చమైన యుద్ధకాలపు పిస్తోలును ఆశించినవారికి తరచూ కలగలుపు ఆయుధమే చేతికొచ్చింది. సైనిక కార్ఖానాల్లో మరమ్మతు చేసేటప్పుడు భాగాలను విప్పి కలిపేసేవారు గనుక, ఒక సంస్థ చట్రంపై మరో సంస్థ స్లయిడు, అంటే పేలినప్పుడు వెనక్కి జరిగే పైభాగం, అమరివుండేది.