భంజవిహార్‌లో స్కూటర్ నిలిపేవారికి

1967లో మొదలైన బరంపురం విశ్వవిద్యాలయం భంజవిహార్‌లో ఉంది. కవి ఉపేంద్ర భంజ పేరిట వచ్చిన పేరది. పురుషోత్తంపూర్ నుంచి స్కూటర్ మీద అక్కడికి వెళ్ళే పిల్లలకు హ్యాండిల్ లాక్ ఒక్కటే చాలదు, బలంగా తిప్పితే విరిగిపోతుంది. గొలుసు తాళం కూడా వేయాలి. చక్రానికి మాత్రమే చుడితే ఇద్దరు కలిసి బండిని ఎత్తుకుపోగలరు. అందుకే కదలని కమ్మీకో స్తంభానికో కలిపి వేయాలి. అసలు ఆర్‌సీ డిక్కీలో వద్దు, డిజిలాకర్‌లోది చెల్లుతుంది.

ఇంట్లోవాళ్ళు చూడాల్సింది పాలసీ. 2018 సెప్టెంబరు 1 నుంచి కొత్త ద్విచక్ర వాహనాలకు థర్డ్ పార్టీ బీమా ఒకేసారి 5 ఏళ్ళకు కట్టాలి. ఆ 5 ఏళ్ళు చూసి చాలామంది కాగితాన్ని బీరువాలో పెట్టేస్తారు. బండి పోతే థర్డ్ పార్టీ పైసా ఇవ్వదు. దొంగతనానికి పనికొచ్చే ఓన్ డ్యామేజ్ భాగం చాలా పాలసీల్లో మొదటి ఏడాదికే ఉంటుంది. ఆపైన విడిగా కట్టుకోవాలి.

బండి పోతే ఆ రోజే ఎఫ్‌ఐఆర్ రాయించి, బీమా కంపెనీకి తెలపాలి. ఎఫ్‌ఐఆర్ వెంటనే ఇచ్చి ఉంటే, కంపెనీకి ఆలస్యంగా చెప్పారన్న ఒక్క కారణంతో క్లెయిమ్ కొట్టేయకూడదని 2020లో సుప్రీంకోర్టు చెప్పింది. కంపెనీ రెండు తాళంచెవులూ అడుగుతుంది. రెండోది ఎక్కడుందో ఇప్పుడే చూసుకోండి.