టెర్మినల్ ఈమెయిలులో పంక్తి ఎవరిది? పైన్, మట్, వీఐ ప్రోగ్రాముల చరిత్ర – తెలుగు లేఖల పాఠ సమస్య

వ్యాససంగ్రహం: అక్షరాలు మాత్రమే కనిపించే తెరల మీద ఈమెయిలు రాసిన కాలంలో లేఖను పంపే ప్రోగ్రాము ఒకటి, లేఖను రాసే ఎడిటర్ మరొకటి. ఈ రెండింటికీ మధ్య కుదరవలసిన ఒప్పందం ఎప్పుడెప్పుడు, ఎందుకు చెడిందో ఈ వ్యాసం చారిత్రకంగా పరిశీలిస్తుంది. 1990లలో ప్రవాసాంధ్రులు రోమన్ లిపిలో రాసుకున్న తెలుగు లేఖలను నేడు పరిష్కరించి భద్రపరచాలంటే నాటి అమరికల పరిజ్ఞానం అవసరమని ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: టెర్మినల్, ఈమెయిలు, ఎడిటర్, పైన్, మట్, పంక్తి విరుపు, ఆర్.టి.ఎస్., యూనికోడ్, పాఠపరిష్కరణ.

1. ఉపోద్ఘాతం

తాళపత్ర ప్రతుల్లో పద్యాన్ని పాదాలుగా విడగొట్టి రాసే అలవాటు సాధారణంగా కనిపించదు. ఆకు చివర ఎక్కడ వస్తే అక్కడ లేఖకుడు పంక్తిని విరిచేవాడు. పాదం ఎక్కడ ముగిసిందో యతిప్రాసల ఆధారంగా పాఠకుడే గ్రహించుకోవాలి. ఆకు వెడల్పు నిర్ణయించిన విరుపును కవి ఉద్దేశించిన విరుపుగా ఏ పరిష్కర్తా పొరబడడు. అయితే ముప్పై ఏళ్ల కిందటి తెలుగు ఈమెయిలు విషయంలో మనకు ఆ జాగ్రత్త ఇంకా అలవడలేదు. అందులో మధ్యలో తెగిన పంక్తులు, వింత గుర్తులు, టకారంగా మారిన తకారాలు కనిపిస్తే రచయిత అశ్రద్ధకు ఆపాదిస్తున్నాం. వాటిలో చాలా భాగం యంత్రపు అమరికల వల్ల వచ్చినవే. ఆ అమరికలకు తమదైన చరిత్ర ఉంది.

2. ఇద్దరు పనివాళ్లు, ఒక ఫైలు

రే టామ్లిన్‌సన్ 1971లో అర్పానెట్‌పై ఒక యంత్రం నుండి మరో యంత్రానికి లేఖ పంపినప్పుడు రాయడానికి సౌకర్యం పెద్దగా ఉండేది కాదు. టైపు చేసింది టైపు చేసినట్టే పోయేది. బర్క్‌లీలో కర్ట్ షోయెన్స్ 1978లో రాసిన మెయిల్ ప్రోగ్రాము కూడా పంక్తి తరవాత పంక్తిని స్వీకరించేదే. అయితే అందులో ఒక వెసులుబాటు ఉంది. పంక్తి మొదట్లో టిల్డె గుర్తు వేసి 'ఇ' కొడితే ఒక ఎడిటర్, 'వి' కొడితే మరొక ఎడిటర్ తెరుచుకునేవి. రెండు ఎందుకంటే, నాడు కొందరి ముందు కాగితం మీద అచ్చువేసే టెలిటైపు ఉండేది, కొందరి ముందు గాజు తెర ఉండేది. మొదటివారికి పంక్తులవారీ ఎడిటర్, రెండోవారికి పూర్తి తెరను వాడుకునే ఎడిటర్ కావాలి. యూనిక్స్‌లో నేటికీ 'ఎడిటర్', 'విజువల్' అనే రెండు వేర్వేరు నిర్దేశాలు మిగిలి ఉండటానికి మూలం ఇదే. కాగితపు టెలిటైపులు పోయాయి. ఒకటి మార్చి రెండోది మరచిపోతే అనుకోని ఎడిటర్ తెరుచుకునే తికమక మాత్రం మిగిలింది.

తెర ఎడిటర్లలో ముఖ్యమైనది బిల్ జాయ్ రూపొందించిన వీఐ. 1976 ప్రాంతంలో ఆయన దాన్ని మొదలుపెట్టినప్పుడు వాడినది ఏడీఎం–3ఏ టెర్మినల్, 300 బాడ్ మోడెమ్. ఆ కీబోర్డు మీద బాణం గుర్తులు విడి మీటలుగా లేవు. హెచ్, జె, కె, ఎల్ మీటల మీదే ముద్రించి ఉండేవి. నేటికీ వీఐ వాడేవారు ఆ అక్షరాలతోనే తెర మీద కదులుతున్నారు.

లేఖా ప్రోగ్రాముకూ ఎడిటర్‌కూ మధ్య జరిగే పని చూడటానికి సులువే. లేఖా ప్రోగ్రాము ఒక తాత్కాలిక ఫైలును సృష్టించి, దాని పేరు చెప్పి ఎడిటర్‌ను పిలుస్తుంది. ఎడిటర్ ముగిసేవరకు ఆగుతుంది. ముగిసిన తరవాత ఫైలును తీసుకుని పంపుతుంది. 'ఎడిటర్ ముగిసేవరకు' అన్న షరతులోనే చాలా చిక్కులు ఇమిడి ఉన్నాయి. కిటికీలతో కూడిన తెరలు వచ్చాక కొన్ని ఎడిటర్లు పిలవగానే తమ కిటికీని వేరుగా తెరిచి, పిలిచినవారికి 'నా పని అయింది' అన్న సంకేతం వెంటనే ఇచ్చేసేవి. లేఖా ప్రోగ్రాము ఫైలును చూస్తే అందులో మార్పేమీ ఉండదు. మట్ ప్రోగ్రాము అటువంటప్పుడు మారని లేఖను విరమించినట్టు చెప్పి ఊరుకుంటుంది. రచయిత కిటికీలో రెండు పేజీలు రాసి భద్రపరిచినా ఆ లేఖ ఎక్కడికీ పోదు. విమ్ ఎడిటర్ కిటికీ రూపానికి 'ముందుభాగంలోనే ఉండు' అని చెప్పే ఒక చిన్న సూచన జోడిస్తే ఇది తీరుతుంది. లోపం ఎడిటర్‌లో లేదు, లేఖా ప్రోగ్రాములోనూ లేదు. ఇద్దరూ ఒకరి మాటను మరొకరు వేరుగా అర్థం చేసుకున్నారు.

3. పైన్: అతుకును దాచిన ప్రయోగం

1986లో హ్యూలెట్–ప్యాకర్డ్‌లో డేవ్ టేలర్ రాసిన ఎల్మ్, పూర్తి తెర మీద లేఖల పట్టికను చూపింది. రాయడానికి మాత్రం బయటి ఎడిటర్‌నే పిలిచేది. ఆచరణలో అది తరచుగా వీఐ. మొదటిసారి వీఐలో చిక్కుకున్నవారికి బయటపడే దారి తెలియదు. విశ్వవిద్యాలయ కార్యాలయాల్లోని గుమాస్తాలకు, ఆచార్యులకు ఇది పెద్ద అవరోధం.

సియాటిల్‌లోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయం 1989లో చేపట్టిన పైన్ ఈ అవరోధానికి సమాధానం. మొదట ఎల్మ్ ఆధారంగా మొదలై క్రమంగా పూర్తిగా వేరైంది. 1992లో బయటి ప్రపంచానికి అందింది. దాని విశిష్టత లోపలే ఉన్న ఎడిటర్. ఏ మీట నొక్కితే ఏం జరుగుతుందో తెర అడుగున రెండు పంక్తుల్లో ఎల్లప్పుడూ కనిపించేది. ఈ ఎడిటర్‌నే విడదీసి పీకో అనే పేరుతో ఇచ్చారు. వాడుకరి భయపడకుండా లేఖ రాయగలగాలన్న లక్ష్యం అక్కడ నిజంగా నెరవేరింది. వీఐ అభిమానులు పైన్‌ను పిల్లల ఆటవస్తువుగా చులకన చేయడం అన్యాయం.

సౌకర్యానికి మూల్యం లేకపోలేదు. పీకో రాస్తుండగానే పంక్తిని తనంతట తాను విరిచేది. పైన్‌లో ఈ హద్దు సాధారణంగా 74వ గడి వద్ద ఉండేది. లేఖకు ఇది బాగానే ఉంటుంది. కానీ అలవాటైన ఎడిటర్ కదా అని యంత్రపు అమరికల ఫైలును కూడా పీకోతో తెరిచినవారు ఉన్నారు. పొడవైన ఒక ఆదేశం రెండుగా తెగి యంత్రం మొరాయించేది. విరవవద్దని చెప్పే ప్రత్యేక సూచన ఉందని తెలియక గంటలు గడిపినవారికి కొదవ లేదు.

పైన్ లైసెన్సు మరో చిక్కు. మూలపాఠం చూడవచ్చు గానీ మార్చిన రూపాన్ని స్వేచ్ఛగా పంచుకోవడానికి వీలు లేదు. అందుకే 1999లో క్రిస్ అల్లెగ్రెట్టా పీకోను పోలిన స్వేచ్ఛా ఎడిటర్‌ను తయారుచేశారు. మరో యూనిక్స్ ప్రోగ్రాముకు అదే పేరు ఉండటంతో, మొదట పెట్టిన 'టిప్' పేరును 2000లో 'నానో'గా మార్చారు. విశ్వవిద్యాలయం స్వయంగా 2007లో ఆల్పైన్ పేరుతో స్వేచ్ఛా లైసెన్సు కింద కొత్త రూపాన్ని ఇచ్చింది.

4. మట్: అతుకును తెరిచి ఉంచడం

మైకేల్ ఎల్కిన్స్ 1995లో మొదలుపెట్టిన మట్ దారి వేరు. అందులో సొంత ఎడిటర్‌పై ఆధారపడటం లేదు. వాడుకరి తన ఇల్లు తానే సర్దుకోవాలి. అమరికల ఫైలులో ఏ ఎడిటర్ కావాలో, లేఖ ఏ అక్షర సంకేతంలో వెళ్లాలో రాయాలి. పంక్తి ఎంత పొడవుండాలో మాత్రం మట్ నిర్ణయించదు, అది ఎడిటర్ పని. విమ్‌లో 72 గడుల హద్దు పెట్టుకోవడం వాడుకలో స్థిరపడింది. తెర 80 గడులు కదా, 72 ఎందుకన్న ప్రశ్నకు జవాబు ప్రత్యుత్తరాల్లో ఉంది. ప్రతి జవాబులోనూ పాత పంక్తి ముందు ఒక కోణపు గుర్తు, ఒక ఖాళీ చేరతాయి. నాలుగు జవాబుల తరవాత 72 కాస్తా 80 అవుతుంది.

ఈ ఇబ్బందిని తొలగించడానికి 1999లో ఒక ప్రమాణం వెలువడింది. పంక్తి చివర ఒక ఖాళీ ఉంటే 'ఇది మెత్తని విరుపు, చదివే తెరను బట్టి కలుపుకోవచ్చు' అని, లేకపోతే 'రచయిత కావాలని విరిచాడు' అని అర్థం. యంత్రపు విరుపుకూ రచయిత విరుపుకూ ఈమెయిలులో తేడా చూపే తొలి ప్రయత్నాల్లో ఇదొకటి. ఇబ్బంది ఏమిటంటే, పంక్తి చివరి ఖాళీలను చెత్తగా భావించి తుడిచేసే శుభ్రమైన ఎడిటర్లు చాలా ఉన్నాయి. కంటికి కనిపించని ఖాళీలో అర్థాన్ని దాచడం తెలివైన ఉపాయమే గానీ భద్రమైనది కాదు.

5. తెలుగు లేఖలు

అమెరికాలోని రైస్ విశ్వవిద్యాలయంలో తెలుగు విద్యార్థుల చేతిలో రూపుదిద్దుకున్న ఆర్.టి.ఎస్. అనే లిప్యంతరీకరణ పద్ధతి 1990లలో తెలుగువారి విద్యుల్లేఖలకు ఆధారమైంది. అందులో చిన్న 'టి' తకారం, పెద్ద 'టి' టకారం. ద–డ, న–ణ, ల–ళ జంటలకూ ఇదే సూత్రం. అప్పటి ఈమెయిలు మార్గాలు ఏడు బిట్ల అక్షరాలనే నమ్మకంగా మోసేవి కనుక ఈ పద్ధతి దారిలో చెడకుండా చేరేది. భారతదేశంలో 1995 ఆగస్టు 15న విదేశ్ సంచార్ నిగమ్ ప్రజలకు ఇంటర్నెట్ సేవ అందించినప్పుడు కూడా అక్షరాల తెరకే పరిమితమైన చవక ఖాతాల్లో లేఖలకు పైనే వాడుకలో ఉండేది.

ఇప్పుడు పంక్తి సంగతికి వద్దాం. సీసపద్య పాదంలో ఆరు ఇంద్రగణాలు, రెండు సూర్యగణాలు. ఇంద్రగణానికి మూడో నాలుగో అక్షరాలు, సూర్యగణానికి రెండో మూడో. అంటే పాదానికి 22 నుండి 30 అక్షరాలు. ఒక్కో తెలుగు అక్షరానికి సగటున రెండున్నర రోమన్ అక్షరాలు వేసుకుంటే 55 నుండి 75, పైగా పదాల మధ్య ఖాళీలు. 74 గడుల హద్దు దాటే పాదాలు తప్పక ఉంటాయి. సీసపాదాన్ని రెండు భాగాలుగా విరిచి రాసే సంప్రదాయం తెలిసినవారు ముందే సగానికి విరిచి గట్టెక్కారు. ఒకే పంక్తిగా రాసినవారి పద్యం చివరి గణం వద్ద తెగింది. ఒక పాదం సమంగానూ మరొకటి తెగిపోయీ ఉన్న సీసం కనిపిస్తే రచయిత ఛందోజ్ఞానాన్ని శంకించే ముందు పీకోను అనుమానించాలి.

వీఐ వాడినవారి లేఖల్లో మరో రకం జాడ ఉండవచ్చు. ఆ ఎడిటర్‌లో టైపు చేసే స్థితి, ఆదేశాలిచ్చే స్థితి వేర్వేరు. ఆదేశ స్థితిలో టిల్డె మీట నొక్కితే అక్కడి అక్షరం చిన్నదైతే పెద్దదవుతుంది. ఇంగ్లీషులో అది చిన్న లోపం. ఆర్.టి.ఎస్.లో 'తల' కాస్తా 'టల' అవుతుంది!

6. యూనికోడ్ తరవాత

1991లో యూనికోడ్ తొలి కూర్పులోనే తెలుగుకు చోటు దక్కింది. 1992లో యూటీఎఫ్–8 సంకేత పద్ధతి, అదే ఏడు ఈమెయిలులో అక్షర సంకేతాన్ని ప్రకటించే మైమ్ ప్రమాణం వచ్చాయి. కాగితం మీద సమస్య తీరింది. టెర్మినల్‌లో తీరలేదు. పాత పైన్, లేఖ యూటీఎఫ్–8లో ఉందనీ తెర వేరే సంకేతానికి అమరి ఉందనీ హెచ్చరించి, తప్పు గుర్తులు చూపేది. మట్‌లో అయితే ప్రోగ్రాము, దాని తెర గ్రంథాలయం, ఎడిటర్, టెర్మినల్, భాషా నిర్దేశం అన్నీ ఒకే మాట మీద ఉండాలి. ఒక్కటి తప్పినా తెలుగు అక్షరాల చోట ప్రశ్నార్థకాలో అంకెలో కనిపిస్తాయి.

అవన్నీ కుదిరినా గడుల చిక్కు ఉంది. టెర్మినల్ ప్రతి అక్షరానికీ గడిని లెక్కకడుతుంది. 'స్త్రీ' మనకు ఒక అక్షరం. యూనికోడ్‌లో ఆరు సంకేతాలు, యూటీఎఫ్–8లో 18 బైట్లు, టెర్మినల్ సాధారణ లెక్కలో మూడు గడులు. గుణింతాల్లోనూ సమానత లేదు. ఆకారం, ఇకారం, ఈకారాల గుర్తులకు గడి కేటాయింపు లేదు. ఉకారానికి ఒక గడి ఉంది. కాబట్టి 'రా'కు ఒకటి, 'రు'కు రెండు. అచ్చు రూపానికీ ఈ లెక్కకూ పొంతన లేక కర్సరు ఒకచోట, మారే అక్షరం మరోచోట ఉంటాయి. దీన్ని వాడుకరి ఏ అమరికతోనూ పూర్తిగా సరిచేయలేడు. గడుల భావన లాటిన్ లిపి టైపురైటర్ నుండి వచ్చింది. ఒత్తులూ గుణింతాలూ దాని ఊహలో లేవు.

7. పరిష్కర్త ముందున్న పని

మట్, పైన్ వాడినవారి పాత లేఖలు చాలావరకు సాదా ఫైళ్లుగా ఉంటాయి. ఆర్.టి.ఎస్. లేఖను నేడు ఏ ఎడిటర్‌తో తెరిచినా చదవవచ్చు. ఫాంటు సంకేతాల్లో రాసిన తెలుగు లేఖకు ఆ ఫాంటు పట్టిక దొరకాలి. యూనికోడ్ లేఖ భద్రంగానే ఉంటుంది, అయితే దారిలో అది తరచుగా మరో రూపం ధరిస్తుంది. ఒక పద్ధతిలో ప్రతి బైటూ మూడు అక్షరాలవుతుంది. అప్పుడు 'స్త్రీ' 54 అక్షరాలు. ఆ పద్ధతిలో పంక్తి హద్దు 76. అటువంటి ఫైలులో నేరుగా తెలుగు పదాన్ని వెదికితే ఫలితం శూన్యం.

అందువల్ల ఈ లేఖలను సేకరించేవారు లేఖాభాగాన్ని మాత్రమే కత్తిరించి యూనికోడ్‌లోకి మార్చి, మూలాన్ని వదిలేయడం తగదు. లేఖ పైభాగంలో ఉండే వివరాల్లో పంపిన ప్రోగ్రాము పేరు, అక్షర సంకేతం, మెత్తని విరుపుల ప్రకటన ఉండే అవకాశం ఉంది. రచయిత యంత్రంలో ఎడిటర్ అమరికల ఫైలు మిగిలి ఉంటే దాన్ని కూడా లేఖలతోపాటే సేకరించాలి. పద్యాల విషయంలో 72 నుండి 76 గడుల మధ్య తెగిన ప్రతి పంక్తినీ విడిగా గుర్తించి, గణవిభజన చేసి చూసిన తరవాతే పాదాన్ని నిర్ణయించాలి. వచన కవితకు ఈ పరీక్ష పనికిరాదు. అక్కడ విరుపే కవిత్వం కనుక, మూల ఫైలులోని పంక్తి చివరి ఖాళీలే మిగిలిన ఏకైక సాక్ష్యం కావచ్చు.