మాటలు లేని తెరపై మహానటి లిలియన్ గిష్

సినిమాకు ఇంకా మాట రాని మూకీల కాలంలో తెరపై నటన చాలావరకు రంగస్థలం నుంచే అరువు వచ్చింది. నాటకశాల చివరి వరుసలో కూర్చున్న ప్రేక్షకుడికి సైతం అర్థమయ్యేలా చేతులు బారచాపి, కళ్లు పెద్దవి చేసి భావాన్ని ప్రకటించే ఆ పద్ధతి, ముఖం ఒక్కటే తెరనంతా ఆక్రమించే క్లోజప్ వాడుక పెరిగేకొద్దీ కృతకంగా కనిపించసాగింది. ఈ మార్పును గ్రహించి, కెమెరాకు తగిన సూక్ష్మాభినయాన్ని రూపొందించిన తొలితరం కళాకారుల్లో అగ్రగణ్యురాలు అమెరికన్ నటి లిలియన్ గిష్.

1893లో ఒహాయో రాష్ట్రంలోని స్ప్రింగ్‌ఫీల్డ్‌లో పుట్టి, చిన్నతనం నుంచే నాటక బృందాలతో ఊరూరా తిరిగిన గిష్, 1912లో డి.డబ్ల్యు. గ్రిఫిత్ దర్శకత్వంలోని ‘యాన్ అన్‌సీన్ ఎనిమీ’ లఘుచిత్రంతో చెల్లెలు డోరతీతో పాటు తెరకు పరిచయమైంది. ఆమెకు ఖ్యాతి తెచ్చిన ‘ది బర్త్ ఆఫ్ ఎ నేషన్’ (1915) నల్లజాతీయులను కించపరచి శ్వేతజాతి దురహంకార ముఠా కూ క్లక్స్ క్లాన్‌ను కీర్తించిన చిత్రం కనుక, ఆమె ప్రతిభకు కొలమానాన్ని ఇతర చిత్రాల్లో వెతకడమే సమంజసం.

అటువంటి వాటిలో మొదటిది ‘బ్రోకెన్ బ్లాసమ్స్’ (1919). తండ్రి చేత దెబ్బలు తిని నవ్వడమే మరచిపోయిన బాలికగా, అతడు నవ్వమని గద్దించినప్పుడు రెండు వేళ్లతో పెదవుల చివరలను పైకి నెట్టి నవ్వు తెచ్చుకునే ఆమె అభినయం, పాత్ర జీవితమంతటినీ ఒక్క చేష్టలో ఇమిడ్చింది. అదే చిత్రంలో, తండ్రి గొడ్డలితో తలుపు పగలగొడుతుండగా ఇరుకు గదిలో దిక్కుతోచక గిరగిర తిరిగే సన్నివేశంలో ఆమె దేహమంతా భయమే అవుతుంది. సూక్ష్మాభినయమంటే ఉద్వేగాన్ని అణచివేయడం కాదని, దాన్ని వెల్లడించవలసిన క్షణం దాకా నిలిపి ఉంచడమని ఈ రెండు సన్నివేశాలూ కలిసి నిరూపిస్తాయి.

‘వే డౌన్ ఈస్ట్’ (1920)లో నదిపై తేలిపోయే మంచుపలక మీద స్పృహతప్పి పడి ఉన్న స్త్రీగా చేతినీ జుట్టునూ గడ్డకట్టే నీటిలో వేలాడనిచ్చిన గిష్, కింగ్ విడార్ తీసిన ‘లా బొహీమ్’ (1926) కోసం క్షయరోగి మరణాన్ని ఎంతో శ్రద్ధగా అధ్యయనం చేసింది. స్వీడన్ దర్శకుడు విక్టర్ షోస్ట్రోమ్‌తో చేసిన ‘ది విండ్’ (1928) కోసం మొజావీ ఎడారి ఎండలో, విమాన ప్రొపెల్లర్లు ఎగజిమ్మిన ఇసుకకు ఎదురు నిలిచి, ఒంటరితనంతో క్రమంగా మతి చలించే స్త్రీని చిత్రించింది. నేడు మూకీ కళకు శిఖరంగా మన్నన పొందుతున్న ఆ చిత్రం, టాకీల వెల్లువ మొదలైన వేళ విడుదలై ఆనాడు ఆదరణకు నోచుకోలేదు.

ఆ తరువాత ఆమె ఎక్కువగా నాటకరంగానికి మరలినా, చార్లెస్ లాటన్ దర్శకత్వం వహించిన ‘ది నైట్ ఆఫ్ ది హంటర్’ (1955)లో అనాథ పిల్లలకు కాపుగా నిలిచే వృద్ధురాలిగా, తన నిబ్బరానికి మాట కూడా తోడైతే ఎంత బలం వస్తుందో చూపింది. 1971లో గౌరవ ఆస్కార్ అందుకుని, 1987లో ‘ది వేల్స్ ఆఫ్ ఆగస్ట్’తో 75 ఏళ్ల తెరజీవితాన్ని ముగించి, 1993లో 99 ఏళ్ల వయసులో కన్నుమూసింది. క్లోజప్‌లో అతి తక్కువ కదలికతో అత్యధిక భావాన్ని పలికించే నటీనటులందరూ, తెలిసినా తెలియకపోయినా, లిలియన్ గిష్ వేసిన బాటలోనే నడుస్తున్నారు.