ఇంటి కల్లు – సర్కారు పన్ను

తెల్లవారుజామున కృష్ణకాలువ గట్టువెంట నడచువారికి తాటిచెట్ల తలలయందు వ్రేలాడు కుండలు కనుపించును. నడుమునకు మోకు బిగించి పైకెక్కిన గీతపనివాడు రాత్రి నిండిన కుండను దింపి, గెల కొనను కత్తితో పలుచగా చెక్కి, మఱియొక కుండను తగిలించి దిగివచ్చును. దింపిన కుండలో నురుగు పొంగుచుండును. పాశ్చాత్యదేశములలో కొందఱు వేడుకకై ఇంటిలోనే బీరు చేసికొందురు. మొదటిసారి చేయువారికి ఆ నురుగు కనుపించువఱకు గుండె కుదుటపడదు. మన డెల్టాలో నురుగు వింత కాదు. ఆ కుండ యెవరిదన్నదే ఇచ్చట ఎడతెగని వివాదము. ఇంటివాడు తన కొఱకు పులియబెట్టుకొను పానీయముపై ప్రభుత్వమునకు ఎంతవఱకు హక్కు కలదు? ఈ ప్రశ్న నడచివచ్చిన త్రోవను నేడు పరిశీలింతము.

ముందుగా పని తీరును గూర్చి రెండు మాటలు. బీరునకు మూలము బార్లీగింజ. గింజలో నున్నది పిండిపదార్థము. అది యున్నట్లుగా పులిసి మద్యము కాజాలదు. కావున గింజను నానబెట్టి, మొలకెత్తించి, ఆరబెట్టి, నలుగగొట్టి, వేడినీట నుంచవలెను. అపుడు పిండి చక్కెరగా మాఱును. ఆ తీపినీటిని హాప్ అను పూవులతో మరిగించి, చల్లార్చి, ఈస్టు చేర్చినచో కొన్ని దినములకు బీరగును. పాత్ర శుభ్రముగా లేనిచో శ్రమయంతయు పులిసిపోవును. తాటిచెట్టు ఈ శ్రమలో సగమును తానే తీర్చును. గెలనుండి కారు రసము మొదటనే తీపి. గాలిలోని, కుండలోని సూక్ష్మజీవులే దానిని పులియబెట్టును. రాత్రి కట్టిన కుండ ఉదయమునకే కల్లగును, మఱునాటికి పుల్లనగును. మద్యసారము బీరులోవలెనే నూటికి నాలుగైదు పాళ్లుండును. 1855 నాటికి బెజవాడ ఆనకట్ట పూర్తియై డెల్టా యంతయు వరిచేలైనను, బియ్యముతో మద్యము చేయు అలవాటు ఇచ్చట పెరుగకుండుటకు గట్టుమీది తాటిచెట్టే కారణమని మాకు తోచును.

పులియబెట్టుట మన వంటయింటికి క్రొత్త కాదు. తరవాణి కుండ నెఱిగిన పెద్దలు ఇంకను గలరు. అయితే తరవాణిలో పనిచేయునవి పాలను పెరుగు చేయు జాతి జీవులు. కల్లులోను, బీరులోను ముఖ్యముగా పనిచేయునది ఈస్టు. ఇట్టి మార్పులు సూక్ష్మజీవుల వలన కలుగునని ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు పాశ్చర్ 1857 మొదలుకొని నిరూపించుచు వచ్చి, 1876లో బీరును గూర్చి ప్రత్యేకముగ నొక గ్రంథమునే వెలువరించెను.

ఇక హక్కు మాట. 1905లో మైసూరున శామశాస్త్రిగారు వెలికిదెచ్చిన కౌటిల్యుని అర్థశాస్త్రమున సురాధ్యక్షుడను అధికారి కలడు. మద్యముపై రాజు అదుపు మిక్కిలి కఠినము. అయినను గృహస్థులు శుభకార్యములకు తెల్లని సురను, మందునకై అరిష్టమును తామే చేసికొనవచ్చుననియు, ఉత్సవములకు, యాత్రలకు నాలుగు దినములు అనుమతి నీయవలెననియు అందు విధింపబడినది. ఇంటి కుండ వేఱు, అంగడి కుండ వేఱు అను వివేకము అందు గలదు.

ఆంగ్లేయుల ఆబ్కారీ ఈ వివేకమును పోగొట్టెను. దాని ఫలము గోదావరి మన్యమున 1879లో కనబడెను. రంప కొండలలో జీలుగు, తాటి కల్లు పండుగకు మాత్రమే గాక నిత్యజీవనమునకు సంబంధించినది. మన్సబుదారు చిగురుపన్ను పేర అదివఱకే కల్లుపై వసూలు చేయుచుండెను. దానిపై క్రొత్త ఆబ్కారీ నిబంధనలు వచ్చి, ఇంటి వాడుకకై గీచుకొను కల్లునకు సైతము గుత్తదారునకు చెల్లింపవలసివచ్చెను. పోలీసుల పీడన దీనికి తోడయ్యెను. ఆ మార్చి మాసమున ముఠాదారులు తిరుగబడిరి. కారం తమ్మన్నదొర, ద్వారబంధాల చంద్రయ్య నాయకులైరి. సైన్యమును రప్పించియు ప్రభుత్వము 1880 వఱకు పోరాడవలసివచ్చెను. మన్సబుదారు పదవిని కోల్పోయెను. అయినను 1886లో మద్రాసు ఆబ్కారీ చట్టము రాజధాని యంతటను కల్లుపై ప్రభుత్వపు పట్టును బిగించెను. చెట్టునకు పన్ను, దుకాణమునకు వేలము అను పద్ధతి స్థిరపడెను.

పన్ను పెరిగినకొలది దుకాణమును పెరిగెను. కూలివాని సంపాదన అందు కఱగెను. కావుననే 1921 మార్చి, ఏప్రిలులలో అఖిలభారత కాంగ్రెసు సంఘము బెజవాడలో సమావేశమైన ఆ సహాయనిరాకరణపు దినములలో కల్లుదుకాణముల యెదుట పికెటింగు జరిగెను. 1937 అక్టోబరులో రాజాజీ ప్రభుత్వము సేలము జిల్లాలో మద్యనిషేధము నారంభించెను. 1948 అక్టోబరు 2 నాటికి అది మద్రాసు రాష్ట్రమంతటను వ్యాపించెను. ఆ సంవత్సరముననే, డిసెంబరు 1న, విజయవాడలో రేడియో కేంద్రము వెలసినది.

నిషేధకాలమున అనుమతి పొందినవారు తీపిరసమును గీయవచ్చును. కాని కుండలోపల సున్నము పూయవలెను. సున్నమున్నచో రసము పులియదు, కాచినచో తాటిబెల్లమగును. సున్నము లేనిచో అదే రసము నేరమగును. వేలకుటుంబముల బ్రతుకు ఆ పలుచని పూతపై నిలిచెను. చాటుమాటున సారా కాపు పెరిగెను. ఆంధ్రరాష్ట్రమున నిషేధమును తొలగింపవలెనని రామమూర్తి సంఘము సూచించెను. గౌతు లచ్చన్న గీతపనివారి పక్షమున నిలిచి పోరాడెను. 1954 నవంబరు 6న ఈ వివాదముననే ప్రకాశం పంతులుగారి మంత్రివర్గము ఒక్క ఓటు తేడాతో పడిపోయెను.

తరువాతి తరంగము స్త్రీలది. 1992లో నెల్లూరుజిల్లా దూబగుంటనుండి పొంగిన ఉద్యమమునకు గుఱి కల్లు కాదు, బట్టీపెట్టిన సారా. 1993 అక్టోబరు 1న సారా నిషేధింపబడెను. 1995 జనవరిలో వచ్చిన సంపూర్ణ నిషేధము 1997లో సడలెను. రంపలో ఇంటి కుండను గుత్తదారు పట్టుకొన్నందున మగవారు తిరుగబడిరి. దూబగుంటలో ఇంటి అన్నపుకుండను సారాదుకాణము ఖాళీ చేసినందున ఆడువారు తిరుగబడిరి. రెండుచోట్లను పోరాటము ఇంటిని కాపాడుకొనుటకే.

బ్రిటనులో ఇంటి బీరునకు లైసెన్సు అక్కఱ 1963లో తీరినది. అమెరికాలో 1978 నాటి చట్టము ఇంటి వాడుకకై పరిమితముగ బీరు చేసికొనుటకు పన్ను లేకుండ ఒప్పుకొన్నది. మన యొద్ద లైసెన్సు లేక మద్యము చేయుట నేటికిని నేరమే. చట్టము ఎట్లున్నను, కౌటిల్యుడు చూపిన భేదమును మఱువరాదని మా అభిప్రాయము. తాగుట మంచిదని మేము చెప్పుటలేదు. పండుగనాటి ఇంటి కుండకును, కూలిడబ్బులకై తెఱచిన దుకాణమునకును ఒకే తూకము పనికిరాదని మాత్రము చరిత్ర చెప్పుచున్నది. ఈసారి కాలువగట్టున తాటికుండ కనబడినపుడు, లోపల సున్నమున్నదా లేదా అని మాత్రమే గాక, దానిపై ఎన్ని బ్రతుకులు వ్రేలాడుచున్నవో గూడ తలపోయుదురుగాక.